చెట్టు మొదట్లో వేపపిండి

1996 నవంబరు 6వ తేదీ గాలివాన మా కోనసీమలో కొబ్బరితోటలను ఏం చేసిందో చూచినవారికి చెప్పనక్కరలేదు. ఆ మరుసటి ఏడు మా నాన్నగారు నాటిన మొక్కలే ఇప్పటి మా తోట. అంచేత ముందటేడు దింపు తీసేవాడు ఒక చెట్టు మొదలు తట్టి, "ఇది పోయిందండి. పక్కదానికీ తగిలిందండి, ఆయ్" అన్నప్పుడు నాకు ఆ పూట ముద్ద దిగలేదంటే మీరు నవ్వకూడదు.

వెళ్ళి చూస్తును గదా, మొదట్లో పగుళ్ళలోంచి ఎర్రగా జిగురు కారి ఎండిపోయి వున్నది. కింది మట్టలు వాలి మానుకు వేలాడుతున్నవి. గానోడెర్మా తెగులు! బూజు జాతిది. మట్టిలోంచి వేళ్ళలోకి, వేళ్ళలోంచి మానులోకి పాకుతుంది. మొదట్లో పుట్టగొడుగు పైకి కనబడేసరికి లోపల పని పూర్తయినట్టే.

వెల్లుల్లి దంచి పోయమన్నాడు మా బావమరిది. అతని మాట తీసిపారేయడానికి లేదు. వెల్లుల్లి పాయగా వున్నంతసేపూ అందులో ఘాటు లేదు. దంచగానే అల్లీన్ అనే పదార్థం అల్లీసిన్‌గా మారుతుంది. 1944లో అమెరికాలో కవల్లిటో అనే ఆయన, తోటివారితో కలిసి దాన్ని వేరుచేశారు. బూజులను చంపే శక్తి దానికున్నది. కాని ఎక్కువసేపు నిలవదు. మట్టిలో అంత లోతున వున్న వేరును అది చేరేదెప్పుడు? ఆ వెల్లుల్లి పచ్చళ్ళలోకి వెళ్ళింది.

వేపపిండి సంగతి వేరు. అంబాజీపేట పరిశోధనా స్థానంవారు చెప్పే పద్ధతి ఇది: చెట్టుకు ఏటా 5 కిలోల వేపపిండి, అందులో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి కలిపి పాదులో వేయాలి. ఈ ట్రైకోడెర్మా కూడా బూజే సుమండీ! గానోడెర్మా పోగులను చుట్టుకొని తినేస్తుంది. చేదంతా వేపదే, గెలుపూ వేపదే అనుకొనేవాణ్ణి నేను. పిండి ఆ మంచి బూజుకు మేత కూడానని తరువాత తెలిసింది. వేపలో పేరుపడ్డ అజాడిరక్టిన్ ముఖ్యంగా పురుగుల మీద పనిచేసేది.

చచ్చిన చెట్టును ఏ పిండీ బ్రతికించదు. వేళ్ళతో సహా తవ్వి తగులబెట్టాము. ఆ రోజు నాన్నగారు అరుగు దిగలేదు. పక్క చెట్టు చుట్టూ రెండడుగుల లోతున, అడుగు వెడల్పున కందకం తీశాము. దాని పాదులో నీరు మరో పాదులోకి పారకుండా గట్లు వేశాము.

ఈ ఏడు రెండోసారి పిండి పడింది. కొత్తగా జిగురు కారలేదు. మొన్నటి దింపులో ఆ చెట్టు పదకొండు కాయలిచ్చింది. నాన్నగారు వాటిని అమ్మనివ్వలేదు.