మీకు తెలుసా? పల్లె పాటను వేదికెక్కించిన ఆడపడుచులు!

సూరత్‌లోని గోడాదరాలో మగ్గాల హోరులో పెరిగే పిల్లలూ, వాళ్లకు జోలపాటలు పాడే అమ్మమ్మలూ నాయనమ్మలూ, ఈ వింతలు మీకోసమే!

● బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతం పేరు చెబితే బ్యాంజో, ఫిడేలు గుర్తొస్తాయి కదా? కానీ ఆ సంగీతంలో తొలి మహిళగా పేరుపొందిన శాలీ ఆన్ ఫారెస్టర్ వాయించింది అకార్డియన్! 1943లో బ్లూగ్రాస్ గాయకుడు బిల్ మన్రో బృందంలో చేరిన ఆమె పాడేది, వాయించేది, ప్రదర్శనల దగ్గర టికెట్లూ అమ్మేది. డబ్బు లెక్కలన్నీ ఆమె చేతిలోనే!

● ఆ అకార్డియన్‌కూ మన భజనల్లో మోగే హార్మోనియంకూ చుట్టరికం ఉంది! రెండింటిలోనూ తిత్తి గాలి ఊదితే లోపలి చిన్న లోహపు రేకులు అదిరి స్వరం పలుకుతుంది. మరి తెలుగు పల్లె పాటను హార్మోనియం మీద పలికించి ఊరూరా వినిపించిన మహిళ ఎవరో చెప్పగలరా?

● వింజమూరి అనసూయాదేవి! 1920 మే 12న కాకినాడలో పుట్టిన ఈమె ఎనిమిదో ఏటనే గ్రామఫోన్ రికార్డుకు పాడింది. ఆ కాలపు రికార్డు ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల పాటే! అంత చిన్న పిల్ల తడబడకుండా ఆ మూడు నిమిషాల్లో పాట ముగించాలంటే మాటలా!

● అనసూయ పుట్టకముందే ‘అనసూయ’ ఉంది! అదెలా అంటారా? వాళ్లమ్మ వింజమూరి వెంకటరత్నమ్మ ఆడవాళ్ల కోసం నడిపిన పత్రిక పేరు అదే. పత్రికే అక్క, పాపాయి చెల్లెలు అన్నమాట!

● జాతీయ పండగల్లో మన పిల్లలు పాడే ‘జయ జయ జయ ప్రియ భారత’ పాట మేనమామది, బాణీ మేనకోడలిది! రాసింది దేవులపల్లి కృష్ణశాస్త్రి, స్వరపరచింది అనసూయాదేవి. రాసినవారి పేరు అందరికీ తెలుసు, బాణీ కట్టినవారి పేరు మాత్రం ఎందరికో తెలియదు. అది నాకు ఎప్పుడూ బాధే.

● హార్మోనియం మీద ఆకాశవాణి ఏకంగా 31 ఏళ్లు నిషేధం పెట్టింది! మెట్ల మధ్య స్వరాన్ని జార్చి గమకం పలికించడం ఆ పెట్టెకు చేతకాదని 1940లో వెళ్లగొట్టి, 1971లో గానీ మళ్లీ లోపలికి రానివ్వలేదు, అదీ కొన్ని షరతుల మీద! హార్మోనియంలో ఆరితేరిన అనసూయాదేవి ఆకాశవాణి కళాకారిణి కూడా కావడం ఎంత చిత్రం!

● 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అనసూయాదేవికి ‘కళాప్రపూర్ణ’ బిరుదు ఇచ్చింది. నాట్లలో, దంపుళ్లలో పుట్టిన పాటకు విశ్వవిద్యాలయం చేసిన సన్మానం ఇది!

● అనసూయ చెల్లెలు సీత కూడా తక్కువదేమీ కాదు! తెలంగాణ సాయుధ పోరాటం మీద తీసిన ‘మా భూమి’కి సంగీతం ఇచ్చినవారిలో ఆమె ఒకరు. దర్శకుడు గౌతమ్ ఘోష్‌ది బెంగాల్, సీతది గోదావరి తీరం, కథేమో తెలంగాణ పల్లెలది! ‘బండెనక బండి కట్టి’ పాటతో గద్దర్ తెరమీద కనిపించింది ఈ సినిమాలోనే. 1980లో విడుదలై హైదరాబాద్‌లో ఉదయం ఆటగా ఏడాదిపాటు ఆడింది!

● బుర్రకథంటే కథకుడు, వంతలు మగవాళ్లే అనుకునే రోజుల్లో మోటూరి ఉదయం అనే మహిళ ఆడవాళ్లతోనే దళం కట్టి ఊళ్లు తిరిగింది! తంబురా భుజానికెత్తుకుని ఒక స్త్రీ కథ చెబుతుంటే జనం విరగబడి చూశారట.

● పదకొండు మంది సంతానంలో ఎనిమిదో బిడ్డ, బొగ్గుగని కార్మికుల ఇల్లు, బతుకుతెరువుకు బాల్టిమోర్ నగరంలో ఫ్యాక్టరీ పని! ఈమె బ్లూగ్రాస్ గాయని హేజెల్ డికెన్స్. సొంతూరు వదిలి సూరత్ మగ్గాల దగ్గరికి వచ్చిన మన కుటుంబాలకు ఈ కథ పరాయిదిగా అనిపించదు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి అన్న చనిపోతే, ఆ జబ్బు మీదే పాట కట్టి ఊరూరా పాడింది!

● అదే హేజెల్, తోడుగా ఆలిస్ జెరార్డ్, ఇద్దరూ కలిసి 1965లో ఆల్బమ్ తెచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు ముందు నిలబడి బ్లూగ్రాస్ పాడటం అప్పట్లో అరుదు. బ్లూగ్రాస్ ప్రముఖుల వరసలో వాళ్ల పేర్లు చేరింది ఎప్పుడో తెలుసా? 2017లో! అంటే 52 ఏళ్ల తరువాత! హేజెల్ 2011లోనే కన్నుమూసింది.

● బ్లూగ్రాస్ గాయని ఆలిసన్ క్రాస్‌కు వచ్చిన గ్రామీ అవార్డులు ఎన్నో ఊహించండి. 27! 2021లో బియాన్సే దాటేదాకా మహిళల్లో అదే రికార్డు.

● సూరత్ నగరపాలిక బడుల్లో పాఠాలు చెప్పే భాషలు ఏడు! గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతోపాటు మన తెలుగూ ఉంది.

● ఇంకో సరదా సంగతి! సూరత్‌లో ఆశ్వయుజం రాగానే గర్బా మొదలవుతుంది. మన బతుకమ్మ అంతకంటే ఒకరోజు ముందే, పెత్రమాస నాడే ఎంగిలిపూలతో దిగుతుంది! రెండింటిలోనూ ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడతారు. ఆట ముందుగా మొదలెట్టేది మాత్రం మన అక్కలే!

● కాకినాడలో మొదలైన అనసూయాదేవి పాట ఆగింది హ్యూస్టన్‌లో, 2019 మార్చి 23న, 98 ఏళ్ల వయసులో. ఆ ఊళ్లోనే 1975 నుంచి కూతురు రత్నపాప నాట్య పాఠశాల నడుస్తోంది. అమ్మది పాట, కూతురిది కూచిపూడి!