శింగనమల దగ్గర క్యాంపర్ వ్యాన్ ఆగిపోతే? రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ప్లాన్‌ని స్పెక్ షీట్‌లా చదవండి

ఫోన్ బాక్స్ మీద "వాటర్ రెసిస్టెంట్" అని ఉంటే మనం నమ్మి ఊరుకోం. ఐపీ67నా, ఐపీ68నా, ఎంత లోతు, ఎన్ని నిమిషాలు, నీళ్లు పోతే వారంటీ వస్తుందా రాదా... అన్నీ అడుగుతాం. అదే లక్షలు పోసి కట్టించుకున్న క్యాంపర్ వ్యాన్ విషయంలో మాత్రం "24 గంటలు, దేశమంతటా సేవ" అన్న ఒక్క లైన్ చూసి పే బటన్ నొక్కేస్తాం. ఆ లైన్ వెనక ఉన్న స్పెసిఫికేషన్లే ఈ ఆర్టికల్.

మాది శింగనమల. బెంగళూరు నుంచి గండికోటకో, బెలుం గుహలకో వ్యాన్ వేసుకుని వెళ్లే చాలామంది 44వ నంబర్ జాతీయ రహదారి మీద అనంతపురం దాకా వచ్చి, అక్కణ్ణుంచి తాడిపత్రి వైపు తిరుగుతారు. అంటే మా మండలం మీదుగానే పోతారు. మంచి రోడ్డు, ఖాళీ రోడ్డు. కానీ ఏటా 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల ఇది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రోడ్డు దిగితే కంప ముళ్లు. నీడకి చెట్టు దొరకాలన్నా కొంచెం నడవాలి. ఇలాంటి చోట బండి ఆగితే మీ ప్లాన్ నిజంగా పనిచేస్తుందా అన్నదే అసలు టెస్ట్.

ముందు ఆర్‌సీ తెరవండి, తర్వాతే ప్లాన్

డిజిలాకర్‌లోనో, ఎంపరివాహన్‌లోనో మీ బండి ఆర్‌సీ తెరిచి మూడు విషయాలు నోట్ చేసుకోండి.

మొదటిది బరువు. ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ లాంటి వ్యాన్ల మీద మంచం, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు ఎక్కితే మొత్తం బరువు మూడు టన్నులు దాటడం మామూలే. కార్ల కోసం రాసిన ప్లాన్లలో బరువు పరిమితి ఉండొచ్చు. అది మీ ఆర్‌సీలోని గ్రాస్ వెహికల్ వెయిట్ కంటే తక్కువైతే మిగతా ఫీచర్లు చదవాల్సిన పనే లేదు.

రెండోది నంబర్ ప్లేట్. తెల్ల ప్లేట్ సొంత బండి, పసుపు ప్లేట్ కమర్షియల్, నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలైతే సెల్ఫ్ డ్రైవ్ అద్దె బండి. "ప్రైవేట్ వాహనాలకు మాత్రమే" అని ఉన్న ప్లాన్ అద్దె వ్యాన్‌కి పనికిరాదు.

మూడోది బాడీ టైప్. మన దేశంలో మోటార్ క్యారవాన్లకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం తయారైన బండి వేరు, గ్యారేజీలో సీట్లు పీకేసి మంచం బిగించిన బండి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. ఆర్‌సీలో ఒకటి, రోడ్డు మీద ఇంకొకటి ఉంటే టోయింగ్ మాట అటుంచి, ఇన్సూరెన్స్ క్లెయిమే చిక్కుల్లో పడొచ్చు.

ప్లాన్లు ఎక్కడ దొరుకుతాయి?

ముఖ్యంగా మూడు చోట్ల. బండి తయారుచేసిన కంపెనీ ఇచ్చేది ఒకటి. ఇన్సూరెన్స్‌తో పాటు యాడ్-ఆన్‌గా వచ్చేది ఇంకొకటి. విడిగా అసిస్టెన్స్ కంపెనీల దగ్గర కొనేది మూడోది.

కంపెనీ ప్లాన్‌తో లాభం ఏంటంటే, వాళ్లకి షాసీ తెలుసు, స్పేర్ పార్టులు దొరికే వర్క్‌షాప్‌కే తీసుకెళ్తారు. కానీ లోపల కట్టిన ఇల్లు వాళ్లది కాదు. వైరింగ్ మార్చారని తెలిస్తే వెనక్కి తగ్గే అవకాశం ఉంది.

ఇన్సూరెన్స్ యాడ్-ఆన్ సాధారణంగా చవక. అయితే అది ఓన్ డ్యామేజ్ కవర్‌తోనే వస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే యాడ్-ఆన్ జతచేయలేరు. విడిగా కొనే ప్లాన్‌లో ఎంచుకోవడానికి వెరైటీ ఎక్కువ. కానీ కొన్నింటికి కొన్న రోజు నుంచి కొన్ని రోజులు ఆగాలి. శుక్రవారం రాత్రి కొని శనివారం పొద్దున్నే బయల్దేరే బ్యాచ్ ఈ పాయింట్ దగ్గర జాగ్రత్త.

ఇంకో తేడా. అమెరికాలో ట్రిపుల్ ఏ మెంబర్‌షిప్ మనిషి పేరు మీద ఉంటుంది, ఏ కారులో ఉన్నా సాయం వస్తుంది. మోటార్‌హోమ్‌కి మాత్రం వేరే ఆర్‌వీ కవరేజ్ జత చేసుకోవాలి. మన దగ్గర ప్లాన్ సాధారణంగా బండి నంబర్‌కి కట్టి ఉంటుంది. అందుకే అద్దె వ్యాన్ తీసుకునేవాళ్లు తమ పేరు మీద కొత్త ప్లాన్ కొనడం కంటే, ఓనర్ దగ్గర ఉన్న ప్లాన్ కాపీ అడగడం మేలు. బండి ఆగితే టోయింగ్ ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

50 కిలోమీటర్లు అంటే ఎన్ని కిలోమీటర్లు?

ఇక్కడే చాలామందికి షాక్ తగులుతుంది. "50 కిలోమీటర్ల వరకు ఉచిత టోయింగ్" అన్న మాటని రెండు రకాలుగా లెక్కేస్తారు.

లెక్క కోసం, బండి ఆగిన చోటు అనంతపురానికి 25 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. టోయింగ్ ట్రక్ అనంతపురం నుంచి రావాలి. ఆగిన చోటు నుంచి వర్క్‌షాప్ దాకా మాత్రమే కొలిస్తే మీరు వాడింది 25. ట్రక్ తన అడ్డా నుంచి బయల్దేరి మళ్లీ అడ్డా చేరేదాకా కొలిస్తే 50. అంటే అనంతపురం చేరేసరికే కోటా ఖాళీ.

ఇప్పుడు అసలు సమస్య. మీ వ్యాన్ రిపేర్ బెంగళూరులోనే అవుతుందనుకోండి. అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 210 కిలోమీటర్లు. ఆగిన చోటు నుంచి 235. మొదటి లెక్క ప్రకారం 50 పోగా 185 కిలోమీటర్లు మీ జేబు నుంచే. కిలోమీటరుకి 40 రూపాయలు అనుకుంటే 7,400 రూపాయలు. ట్రక్ ఖాళీగా వెనక్కి వెళ్లే దూరానికి కూడా చార్జ్ చేస్తే బిల్లు దాదాపు రెట్టింపు. ప్లాన్ ధరలో మూడు నాలుగు వందలు ఆదా చేశామన్న ఆనందం అక్కడితో సరి.

కాబట్టి ధర కంటే ముందు చూడాల్సిన స్పెక్ ఇది: ఉచిత దూరం ఎంత, ఎక్కడి నుంచి కొలుస్తారు, దాటితే కిలోమీటరుకి ఎంత. "దగ్గర్లోని వర్క్‌షాప్‌కి" అని ఉందా, "మీరు కోరిన వర్క్‌షాప్‌కి" అని ఉందా? ఈ రెండు మాటల మధ్య తేడా వేల రూపాయలు.

ఏ ట్రక్ వస్తుంది?

కారుని ముందు చక్రాలెత్తి లాక్కెళ్లే ట్రక్ క్యాంపర్ వ్యాన్‌కి చాలదు. ఫ్లాట్‌బెడ్ కావాలి, అది కూడా మీ బండి బరువు మోసేది. ఎత్తు కూడా లెక్కే. ఫ్లాట్‌బెడ్ నేల నుంచి సుమారు మీటరు ఎత్తు. దాని మీద హై రూఫ్ వ్యాన్, దాని మీద సోలార్ ప్యానెల్, ఏసీ యూనిట్. మొత్తం నాలుగు మీటర్ల దగ్గరికి పోతుంది. దారిలో రైల్వే అండర్‌బ్రిడ్జి ఉంటే ట్రక్ డ్రైవర్ ముందే అడుగుతాడు, "ఎత్తెంతప్పా?" అని. నేల నుంచి ప్యానెల్ పైదాకా టేపు పెట్టి కొలిచి, ఆ నంబర్‌ని డ్యాష్‌బోర్డ్ మీద స్టిక్కర్‌గా అంటించుకోండి.

ట్రక్ ఎక్కించే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేయాలి, ఇన్వర్టర్ ఆఫ్ చేయాలి. లోపల ఎవరూ కూర్చోకూడదు. వ్యాన్‌లో ఐదుగురు ఉంటే ట్రక్ క్యాబిన్‌లో ఇద్దరికే చోటుంటుంది. మిగతా ముగ్గురికి ట్యాక్సీ ప్లాన్‌లో ఉందా?

కవర్ అయ్యేది బండి, ఇల్లు కాదు

క్యాంపర్ వ్యాన్ అంటే ఒకే బాడీలో రెండు గ్యాడ్జెట్లు. ఒకటి ఇంజిన్, చక్రాలు, స్టార్టింగ్ బ్యాటరీ. రెండోది ఇల్లు: లిథియం బ్యాటరీ, ఇన్వర్టర్, ఫ్రిజ్, నీళ్ల మోటర్. అసిస్టెన్స్ ప్లాన్ చూసేది మొదటిదాన్నే. ఫ్రిజ్ ఆగితే వాళ్లకి సంబంధం లేదు.

సర్వీసుల పేర్లు కూడా జాగ్రత్తగా చదవండి. "ఫ్లాట్ టైర్ సర్వీస్" అంటే సాధారణంగా మీ స్టెప్నీ బిగించి వెళ్లిపోవడం. స్టెప్నీ లేకపోయినా, అందులో గాలి లేకపోయినా టోయింగే గతి. "ఇంధనం డెలివరీ"లో తెచ్చే సర్వీస్ ఉచితం కావచ్చు, డీజిల్ డబ్బులు మీవే. పైగా ట్యాంకు పూర్తిగా ఖాళీ అయిన డీజిల్ బండిలో నాలుగు లీటర్లు పోస్తే సరిపోకపోవచ్చు, లైన్‌లో చేరిన గాలి తీయాలి. "జంప్ స్టార్ట్" అడిగేటప్పుడు మీ షాసీ 12 వోల్టులా 24 వోల్టులా చెప్పాలి. వ్యాన్లు ఎక్కువగా 12, పెద్ద బస్ షాసీలు 24.

మినహాయింపుల్లో "మోటార్ వాహనాలు తిరగని దారి" అన్న మాట ఉంటే ఆగి చదవండి. చెరువు కట్ట పక్కన క్యాంప్ వేయాలని శనక్కాయ చేలల మధ్య దారిలోకి దిగి ఇరుక్కుంటే, "రోడ్డు మీదకి తెచ్చి పెట్టండి, అప్పుడొస్తాం" అనొచ్చు. అప్పుడు మిమ్మల్ని కాపాడేది ప్లాన్ కాదు, ఊళ్లో ట్రాక్టర్.

సిగ్నల్ లేకపోతే యాప్ ఏం చేస్తుంది?

2023లో ఆపిల్ ఐఫోన్ 14, 15 మోడళ్లకి శాటిలైట్ ద్వారా రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌ని అమెరికాలో ట్రిపుల్ ఏతో కలిసి తెచ్చింది. మన దగ్గర ఆ ఫీచర్ మీద ఆశ పెట్టుకోకండి. ఇక్కడ కాల్, ఎస్సెమ్మెస్, లొకేషన్ లింక్... ఈ మూడే దారులు.

మంచి విషయం ఏంటంటే జీపీఎస్‌కి సిమ్ అక్కర్లేదు. డేటా లేకపోయినా అక్షాంశ రేఖాంశాలు చూపించే యాప్ ఒకటి పెట్టుకోండి. దశాంశాలు మాత్రం పూర్తిగా చెప్పాలి. "14.8, 77.7" అంటే అది శింగనమల ప్రాంతం మొత్తం. ఒక దశాంశ స్థానం అంటే దాదాపు 11 కిలోమీటర్ల తేడా. నాలుగు స్థానాలు చెబితే 11 మీటర్లు, ఐదు చెబితే సుమారు ఒక మీటరు. రెండు వేర్వేరు నెట్‌వర్క్‌ల సిమ్‌లు, ఆఫ్‌లైన్ మ్యాప్ తప్పనిసరి. ప్లాన్ యాప్‌లోనే నడిచేదైతే, మామూలు కాల్‌తో కూడా రిక్వెస్ట్ తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి.

జాతీయ రహదారి మీద 1033కి కాల్ చేయొచ్చు. పెట్రోలింగ్, అంబులెన్స్, దారికి అడ్డంగా ఉన్న బండిని తీసే క్రేన్ కోసం అది. మీ వ్యాన్‌ని బెంగళూరు చేర్చడం దాని పని కాదు. ప్రమాదమైతే ప్లాన్ నంబర్ వెతక్కండి. 112 లేదా 108, అంతే.

కొనే ముందు కాల్ చేసి అడగాల్సినవి

నేను ఏ ప్లాన్ చూసినా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఈ ప్రశ్నలే అడుగుతాను:

1. నా ఆర్‌సీలోని బరువు, బాడీ టైప్, ప్లేట్ రంగు చెబుతున్నాను. కవర్ అవుతుందా?
2. శింగనమల దగ్గర ఆగితే ఫ్లాట్‌బెడ్ ఏ ఊరి నుంచి వస్తుంది?
3. ఉచిత దూరం ఎంత, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తారు?
4. దాటితే రేటెంత, డబ్బు అక్కడే కట్టాలా?
5. ఏడాదికి ఎన్నిసార్లు వాడొచ్చు, ఎన్ని రోజుల తర్వాత మొదలవుతుంది?
6. రిపేర్ ఆ రోజు కాకపోతే ట్యాక్సీ, బస ఖర్చు ఉందా?

రెండో ప్రశ్నకి "సార్, పాన్ ఇండియా సర్వీస్" అని జవాబొస్తే అది జవాబు కాదు. ఊరి పేరు చెప్పమనండి. చెప్పినవన్నీ ఈమెయిల్‌లో పంపమనండి. పంపడానికి ఇష్టపడకపోతే అదే మీ రివ్యూ.

మరి ఏది తీసుకోవాలి?

కొత్త బండి, కంపెనీ వారంటీలో ఉంది, ఏఐఎస్-124 ప్రకారం కట్టింది అయితే: కంపెనీ ప్లాన్ ఉంచుకుని, దూరం తక్కువైతే ఇన్సూరెన్స్ యాడ్-ఆన్ జత చేయండి. పాత వ్యాన్ అయితే బరువు పరిమితి సరిపోయే, టోయింగ్ దూరం ఎక్కువ ఉన్న విడి ప్లాన్‌కే నా ఓటు. అద్దె వ్యాన్ అయితే ఓనర్ ప్లాన్ కాపీ లేకుండా అడ్వాన్స్ కట్టొద్దు.

ఏ ప్లాన్ తీసుకున్నా ట్రక్ వచ్చేదాకా గంటలు పట్టొచ్చు. మనిషికి కనీసం ఐదు లీటర్ల నీళ్లు, గాలి నిండిన స్టెప్నీ, మీ బండి బరువుకి సరిపోయే జాక్, టైర్ ఇన్‌ఫ్లేటర్, జంప్ స్టార్టర్, రిఫ్లెక్టర్ త్రిభుజం, టార్చ్ పెట్టుకోండి. జంప్ స్టార్టర్‌లో ఉండేది లిథియం సెల్స్, దాన్ని ఎండపడే డ్యాష్‌బోర్డ్ మీద వదలొద్దు. ఈ కిట్‌తో పంక్చర్, బ్యాటరీ లాంటి చిన్న సమస్యలు మీరే తీర్చుకోవచ్చు. అప్పుడు ప్లాన్‌కి మిగిలే పని ఒక్కటే, టోయింగ్. అందుకే డబ్బు పెట్టాల్సింది కూడా దాని మీదే. ఉచిత కార్ వాష్ కూపన్ల మీద కాదు.