వడ్రంగిపిట్ట తల ఫొటోలో ఎందుకు చెదురుతుంది?

“మా తోటలో బంగారు వీపు వడ్రంగిపిట్టను ఫొటో తీశాను. వీపు, తోక, గోళ్లు చక్కగా వచ్చాయి. తల మాత్రం ప్రతిసారీ చెదిరిపోతోంది. ఎందుకు?” అని ఒక పాఠకుడు అడిగారు. ఎంత మంచి ప్రశ్న! శాస్త్రవేత్తల మధ్య ఏళ్ల తరబడి సాగిన వాదమంతా ఆ చెదిరిన తలలోనే ఉంది.

ముందు లెక్క చూద్దాం. బిరుసైన తోక ఈకల్ని మానుకు ఆనించుకుంటుంది కాబట్టి పిట్ట ఒళ్లు పెద్దగా కదలదు. తల సంగతి వేరు. 1979లో పరిశోధకుడు ఫిలిప్ మే బృందం అమెరికాలోని ఒక వడ్రంగిపిట్టను హైస్పీడ్ కెమెరాతో చిత్రీకరిస్తే, ముక్కు సెకనుకు 6-7 మీటర్ల వేగంతో కొయ్యను తాకుతోందని తేలింది. ఆ వేగంలో, షట్టర్ సెకనులో 500వ వంతు తెరిచినా తల సెంటీమీటరుకు పైగా జరిగిపోతుంది!

అంత దెబ్బకు మెదడుకు ఏమీ కాదా? ముక్కుకూ పుర్రెకూ మధ్యనున్న గుల్ల ఎముక అదురును పీల్చేస్తుందని చాలాకాలం చెప్పారు. పుర్రె చుట్టూ తిరిగి వచ్చే నాలుక ఎముక సీటు బెల్టులా కాపాడుతుందన్నారు. హెల్మెట్ల తయారీకి ఇదే ఆదర్శమన్నారు. అసలు ఆ నాలుక ఎముక పని పొడవాటి నాలుకను పురుగుల దాకా చాచడం!

బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్ వాన్ వాసెన్‌బర్గ్ బృందం 2022లో తల అదురును పీల్చేస్తుందన్న ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. మూడు జాతుల పిట్టలు కొయ్యను పొడుస్తుంటే హైస్పీడ్ కెమెరాలతో తీసి, ముక్కు కదలికనూ కంటి కదలికనూ విడివిడిగా కొలిచింది. మధ్యలో అదురును పీల్చేది ఏదైనా ఉంటే ముక్కు ఆగాక కన్ను కాస్త నెమ్మదిగా ఆగాలి. అలా జరగలేదు. రెండూ ఒకేలా ఆగాయి. తలంతా ఒకే గట్టి ముద్ద! ఆలోచిస్తే అలాగే ఉండాలి. సుత్తికి స్పాంజి అంటించి మేకు కొడితే దెబ్బలో కొంత స్పాంజికే పోతుంది. అదురును పీల్చుకునే తల ఉంటే, పిట్ట అదే గుంత తవ్వడానికి ఇంకా గట్టిగా కొట్టాల్సి వస్తుంది.

మరి మెదడును కాపాడేదేమిటి? దాని చిన్నతనమే. తల హఠాత్తుగా ఆగినప్పుడు మెదడులో పుట్టే ఒత్తిడి మెదడు పొడవును బట్టి పెరుగుతుంది. మన మెదడు ముందు నుంచి వెనక్కి 15 సెంటీమీటర్ల పైనే. పిట్టది రెండు మూడు సెంటీమీటర్లు. ఒకే దెబ్బ తగిలినా దానికి పుట్టే ఒత్తిడి మనకు పుట్టేదానిలో చిన్న వంతే.

ఇక ఫొటో సంగతి. కొట్టడానికి తల పూర్తిగా వెనక్కి లాగినప్పుడు ఒక్క క్షణం దాని వేగం సున్నా అవుతుంది. అప్పుడు నొక్కండి. షట్టర్ సెకనులో 2000వ వంతుకు మించి తెరిచి ఉండకుండా చూసుకోండి. ఫొటో కోసం గూడున్న తొర్ర దగ్గరికి వెళ్లొద్దు, రికార్డు చేసిన అరుపులు వినిపించి పిట్టను రప్పించొద్దు. తోటలో ఎండిన మాను ఉంటే కొట్టేయకండి. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన తొర్రల్లో రామచిలుకలూ గోరింకలూ గుడ్లు పెడతాయి. చివరగా హెల్మెట్ల మాట. ఇప్పటికీ ఈ పిట్ట పేరు చెప్పి హెల్మెట్లకు గొప్పలు చెప్పేవాళ్లున్నారు. వాళ్లకు నా జవాబు ఒక్కటే: పిట్ట మెదడు పిట్టది, మన మెదడు మనది.