చాకిరీకీ సేవకీ మధ్య

1979 ఆగస్టు 10, శ్రీహరికోట. 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు, ఏళ్ల తరబడి వందలమంది పడ్డ కష్టం: ఎస్సెల్వీ-3 రాకెట్ పైకి లేచింది. మొదటి దశ బాగానే మండింది. రెండో దశలో అదుపు తప్పింది. అయిదు నిమిషాల పైచిలుకులో అంతా బంగాళాఖాతం పాలైంది. ప్రాజెక్టు డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. చివరి క్షణాల్లో కంప్యూటర్ ఆపమన్నా, పక్కనున్న నిపుణులతో మాట్లాడి ముందుకే వెళ్దామని నిర్ణయించింది తానేనని కలాం తర్వాతి రోజుల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆరోజు బయట విలేకరులు కాచుకుని ఉన్నారు.

ఇస్రో చైర్మన్ సతీశ్ ధావన్ కలాంను వెంటబెట్టుకుని వాళ్ల ముందుకు వెళ్లారు. మాట్లాడింది మాత్రం ధావనే. ఈసారి విఫలమయ్యాం, బాధ్యత నాది, మావాళ్ల మీద నాకు నమ్మకం ఉంది, వచ్చేసారి సాధిస్తారు అన్నారు. 1980 జులై 18 ఉదయం ఎస్సెల్వీ-3 మళ్లీ లేచి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అప్పుడు ధావన్ కలాంను పిలిచి, ఇవాళ విలేకరులతో నువ్వే మాట్లాడు అన్నారు.

ఈ సంగతి తెలియని మేనేజ్‌మెంట్ విద్యార్థి ఉండడు. అయితే అందరూ రెండు సమావేశాల గురించే చెబుతారు. నన్ను పట్టుకున్నది వాటి మధ్యనున్న పదకొండు నెలలు. జట్టును చెదరగొట్టలేదు. ప్రాజెక్టు డైరెక్టర్‌ను మార్చలేదు. తప్పు ఎక్కడ జరిగిందో అంతా కూర్చుని వెతికారు. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక కవాటం దుమ్ము చేరి సరిగా మూసుకోలేదు, నైట్రిక్ ఆమ్లం కారిపోయింది. దుమ్ము! ఇంత చిన్న సంగతి బయటికి రావాలంటే, దాని దగ్గర పనిచేసిన మనిషి నోరు విప్పాలి. నోరు విప్పితే ఉద్యోగం పోతుందన్న భయం ఉంటే ఎవరు విప్పుతారు? నింద పైవాడు మోశాడు గనక నిజం కిందినుంచి పైకి రాగలిగింది. ధావన్ 2002 జనవరిలో కన్నుమూశారు. ఆ ఏడే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ఈ తీరుకు ‘సర్వెంట్ లీడర్‌షిప్’ అని పేరు పెట్టినవారు రాబర్ట్ గ్రీన్‌లీఫ్. అమెరికాలో ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీలో 38 ఏళ్లు పనిచేసి 1964లో బయటికి వచ్చిన మనిషి. హెర్మన్ హెస్సే రాసిన చిన్న నవల ఒకటి ఆయనకు దారి చూపింది. అందులో కొందరు యాత్రకు బయల్దేరతారు. వాళ్ల మూటలు మోస్తూ, పాటలు పాడుతూ లియో అనే సేవకుడు వెంట ఉంటాడు. ఒకరోజు అతను మాయమవుతాడు. యాత్ర చెల్లాచెదురవుతుంది. ఆ యాత్రను పంపిన సంఘానికి పెద్ద లియోయేనని చాలా కాలానికి గాని తెలియదు. ఈ కథను పట్టుకుని గ్రీన్‌లీఫ్ 1970లో ఒక వ్యాసం రాశారు. నాయకుడు కావాలని కోరుకుని తర్వాత సేవ చేసేవాడు వేరు, సేవ చేద్దామని మొదలుపెట్టి నాయకుడయ్యేవాడు వేరు అన్నారు. ఇద్దరినీ వేరుచేయడానికి ఒక పరీక్ష కూడా చెప్పారు: నీ చేతికింద ఉన్నవాళ్లు ఎదిగారా? మరింత తెలివిగా, స్వేచ్ఛగా, తమ కాళ్ల మీద తాము నిలబడేలా అయ్యారా? అందరికన్నా అడుగున ఉన్నవాడికి ఏం ఒరిగింది?

‘సర్వెంట్ లీడర్‌షిప్’ అన్న మాటను తెలుగులోకి తెచ్చుకోబోతే కాలికి ముల్లు గుచ్చుకుంటుంది. మనకు సేవ ఒక్కటే లేదు, చాకిరీ కూడా ఉంది. మన ఊళ్లలో తరతరాలుగా కొన్ని కులాల నుదుట చాకిరీయే రాశారు. ఊడవడం, మొయ్యడం, దొర గడపలో పడి ఉండడం. వాళ్లకెళ్లి సేవలో గొప్పతనం ఉందని చెప్పడం పాపం. ఒకే పని, చేయకపోయినా అడిగేవాడు లేని మనిషి చేస్తే సేవ అవుతుంది, చేయక తప్పని మనిషి చేస్తే చాకిరీ అవుతుంది. ఆఫీసుల్లోనూ ఇంతే. మనమంతా ఒకే కుటుంబం అంటూ ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి పని చెప్పే మేనేజరు తన సేవ గురించి మాట్లాడటంలేదు, ఎదుటివాడి చాకిరీ గురించి మాట్లాడుతున్నాడు. ‘సేవక నాయకత్వం’ మీద రోజంతా శిక్షణ తరగతి పెట్టి, అదే వారం గర్భిణికి సెలవు ఇవ్వడానికి సణిగిన చోటు నాకు తెలుసు. అలాంటిచోట ఆ మాట వాడకపోవడమే మర్యాద.

అసలైన సేవక నాయకత్వం గురించి నేను పుస్తకాల్లో చదవకముందే ఇంట్లో విన్నాను. మా నాన్న ఒక నూలు మిల్లులో రింగ్ ఫ్రేముల మీద పనిచేసేవాడు. రాత్రి షిఫ్టులో పోగులు ఎక్కువ తెగేవి. తెగిన పోగు అతుక్కుంటూ ఫ్రేము ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూనే ఉండాలి. వేస్టు పెరిగితే జీతంలో కోత. నిద్రపోతున్నారని తిట్లు. అలాంటప్పుడు కొత్త స్పిన్నింగ్ మాస్టర్ వచ్చాడు. వచ్చిన మూడో రాత్రే షెడ్డులోకి దిగి, చొక్కా చేతులు పైకి మడిచి, మా నాన్న పక్కన నిలబడి గంటసేపు పోగులు అతికాడు. ఆయనకూ తెగుతూనే ఉన్నాయి.

“పగలు ఇన్ని తెగవు గదయ్యా, రాత్రే ఎందుకు?” అని అడిగాడట.

ఎవరూ పలకలేదు. పలికినవాడి గతి అంతకుముందు చూసినవాళ్లే అందరూ. ఆయన మళ్లీ అడగలేదు, వెళ్లిపోనూ లేదు. అతుకుతూనే ఉన్నాడు. చివరికి మా నాన్నే అన్నాడు: “గాలి ఎండిపోద్ది సార్. పదింటికి హ్యుమిడిటీ ప్లాంటు ఆపేత్తారు.”

కరెంటు బిల్లు తగ్గించడానికి ఎవరో పెద్దాయన పెట్టిన పద్ధతి అది. గాలిలో తడి తగ్గితే నూలు పెళుసవుతుంది, తెగుతుంది. ఈ సంగతి షెడ్డులో పాతిక మందికీ తెలుసు. వాళ్లను అడిగినవాడు లేడు. మాస్టర్ ఆ రాత్రే ప్లాంటు వేయించాడు. ఆ తర్వాత చేసిన పనే నాకు ఇంకా గొప్పగా తోస్తుంది. స్తంభానికి తగిలించి ఉన్న తడి, పొడి థర్మామీటర్లను ఎలా చూడాలో, రెండు అంకెల తేడాను బట్టి గాలిలో తడి ఎంతో పట్టికలో ఎలా వెతకాలో నేర్పాడు. ఒక నోటుపుస్తకం పెట్టి, గంటకోసారి మీరే రాయండి అన్నాడు. ఏడో తరగతి చదివిన మా నాన్న ఆ అంకెలు ఇంటికొచ్చి అమ్మకు చెప్పేవాడు.

పెద్ద కుర్చీలో కూర్చుని కింది మాట వినడం అంటే ఏమిటో తెలుగు నేల మీద చూడాలనుకుంటే ఎస్.ఆర్. శంకరన్ దగ్గరికి వెళ్లాలి. తంజావూరు ప్రాంతంలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, మనవాడైపోయిన మనిషి. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. చట్టాలు గెజిట్‌లో అచ్చయి అల్మరాలో పడుకోవడం మామూలే. శంకరన్ దాన్ని చేతపట్టుకుని ఊళ్లకు వెళ్లారు. అప్పుకింద కట్టుబడి ఏళ్లతరబడి జీతగాళ్లుగా ఉన్నవాళ్లను కూర్చోబెట్టి, మీరు ఎవరికీ బాకీ లేరు, ఇది చట్టం అని చెప్పారు. భూస్వాములకు కోపం వచ్చింది. పైవాళ్లకూ నచ్చలేదు. ఆయన త్రిపురకు వెళ్లి నృపేన్ చక్రవర్తి ప్రభుత్వంలో ప్రధాన కార్యదర్శిగా పనిచేసి, తిరిగి వచ్చి మళ్లీ సాంఘిక సంక్షేమమే పట్టుకున్నారు.

‘జీతగాడు’ అన్న మాటను ఒక్క క్షణం చూడండి. నెలనెలా ప్రభుత్వ జీతం తీసుకునే అధికారి ఒకవైపు, జీతం పేరుతో బతుకంతా తాకట్టు పెట్టిన మనిషి ఇంకోవైపు. శంకరన్ తన జీతం ఎవరికోసమో ఎన్నడూ మరచిపోలేదు. పెళ్లి చేసుకోలేదు. జీతంలో, తర్వాత పింఛనులో ఎక్కువ భాగం దళిత పిల్లల చదువులకే ఖర్చుపెట్టారు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి మన్యంలో మరికొందరు అధికారులతో పాటు ఆయన్ను నక్సలైట్లు పట్టుకెళ్లారు. ఆ తర్వాత కూడా మన్యంలోని అడవిబిడ్డల మీద ఆయనకు మనసు విరగలేదు. ఇరుపక్కలా మనుషులు చావకూడదని పౌర స్పందన వేదిక పెట్టి, 2004లో ప్రభుత్వాన్నీ నక్సలైట్లనూ చర్చలకు కూర్చోబెట్టడంలో ముందు నిలిచారు. పదవీ విరమణ తర్వాత, పాకీపని పోవాలని బెజవాడ విల్సన్ నడిపే సఫాయి కర్మచారి ఆందోళన్‌కు పెద్దదిక్కయ్యారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబరులో వెళ్లిపోయారు.

మంచివాడు పోతే మంచితనమూ పోతుందా అన్నది అసలు ప్రశ్న. శంకరన్ విషయంలో పోలేదు. ఎందుకంటే ఆయన దయతో ఆగలేదు, హాస్టళ్లు, సాంఘిక సంక్షేమ గురుకులాలు నిలబెట్టడానికి పాటుపడ్డారు. ఆ గురుకులాల్లో చదువుతున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. గ్రీన్‌లీఫ్ పరీక్షలో అడుగున ఉన్నవాడి సంగతి అడిగారు కదా, ఆ పిల్ల ఎక్కడి నుంచి ఎక్కడికి ఎక్కిందో చూస్తే చాలు.

మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామిది ఇంకో దారి. కీళ్లవాతంతో చేతివేళ్లు వంకర్లు పోయినా, తనకు తగ్గ పనిముట్లు చేయించుకుని కంటి ఆపరేషన్లు నేర్చుకున్నారు. ప్రభుత్వోద్యోగం నుంచి 58వ ఏట దిగిపోయి, 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. అక్కడ పల్లెటూళ్ల నుంచి అమ్మాయిలను తీసుకుని రెండేళ్లు శిక్షణ ఇస్తారు. ఒక బల్ల మీద సర్జన్ ఆపరేషన్ ముగించేసరికి ఆ అమ్మాయిలు పక్క బల్ల మీద మరో రోగిని సిద్ధం చేసి ఉంచుతారు. డబ్బు కట్టాలా, ఉచితమా అన్నది రోగే ఎంచుకుంటాడు, ఆదాయం రుజువు చేయమని ఎవరూ అడగరు. దిగుమతి లెన్సు వంద డాలర్లు పలికే రోజుల్లో, 1992లో ఆరోల్యాబ్ పెట్టి పది డాలర్లలోపు లెన్సు తయారుచేశారు. తమ పద్ధతినీ దాచుకోకుండా వేరే ఆసుపత్రులకు నేర్పారు. పోటీదారుకు పాఠం చెప్పడం వ్యాపార లెక్కలకు అందదు. గుడ్డితనం పోవాలన్నదే లెక్కయితే వెంటనే అందుతుంది. హైదరాబాద్‌లో సినీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన భూమిలో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికా వదిలి వచ్చి 1987లో తెరిచిన కంటి ఆసుపత్రి కూడా ఈ కోవదే.

ఇలాంటివాళ్లు మెత్తటివాళ్లని అనుకోవద్దు. ఆపరేషన్ థియేటర్లో సడలింపు ఉండదు, రాకెట్ తయారీలో అసలే ఉండదు. మా మిల్లు మాస్టర్ కూడా పుస్తకంలో ఒక గంట అంకె రాయకపోతే ఊరుకునేవాడు కాదు. కాకపోతే ఆ అడగడం తన కోసం కాదని అందరికీ తెలుసు.

నాలుగేళ్లకు ఆయన వేరే మిల్లుకు వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన మేనేజరు ఖర్చు లెక్కలు చూసి, రాత్రిళ్లు ప్లాంటు ఎందుకు నడుస్తోంది, ఆపేయండి అన్నాడు. అంతకుముందైతే షెడ్డులో అందరూ తలొంచుకునేవాళ్లు. ఆ రాత్రి మా నాన్న లోపలికి వెళ్లి నోటుపుస్తకం తెచ్చి, మేనేజరు ముందు బల్ల మీద తెరిచి పెట్టాడు. ప్లాంటు ఆగలేదు.