అనురాధపురంలో ఒక పగలు: గైడుతో నడిచే పరిశోధకునికి కొన్ని సూచనలు

శ్రీలంకలోని అనురాధపురానికి మన దేశం నుండి వెళ్లే భిక్షువులకు, పరిశోధకులకు సాధారణంగా చిక్కేది ఒక్క పగలు. కొలంబో నుండి సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణించి, రాత్రి బస చేసి, తెల్లవారగానే ఒక గైడును, ఒక వాహనాన్ని కుదుర్చుకొని, సాయంకాలానికి మరలడం పరిపాటి. క్రీ.పూ. 4వ శతాబ్దం నుండి క్రీ.శ. 10వ శతాబ్దాంతం వరకు లంకకు రాజధానిగా నిలిచిన నగరాన్ని ఒక్క పగటిలో చూడబూనడం సాహసమే. అయినా ఆ పగలు వ్యర్థం కానవసరం లేదు. గైడు చెప్పే ప్రతి మాట ఎక్కడి నుండి వస్తున్నదో గుర్తించే అలవాటు ఒక్కటి ఉంటే, ఆ కొద్ది గంటలలోనే గ్రహించదగినది చాలా ఉంది.

ఆ మాటకు మూలాలు మూడు. మొదటిది మహావంస వంటి పాళి వంసకథలు. రెండవది గత నూట యాభై యేండ్లుగా జరిగిన తవ్వకాలు, శాసన పరిశోధనలు. మూడవది నేటికీ అక్కడ నిత్యం సాగుతున్న ఆరాధన. గైడు నోట ఈ మూడూ ఒకే కథగా కలిసి వినవస్తాయి. వాటిని విడదీసుకోవడం వినేవారి బాధ్యత.

ముందస్తు ఏర్పాట్లు

శ్రీలంకలో గైడులకు పర్యాటకాభివృద్ధి ప్రాధికార సంస్థ అనుమతి పత్రాలు ఇస్తుంది. దేశమంతటా తిప్పగల జాతీయ గైడులు, వాహనం తామే నడిపే గైడులు, ఒక ప్రాంతానికో ఒక స్థలానికో పరిమితమైన గైడులు అని వారిలో తరగతులు ఉన్నాయి. మనకు ఎక్కువగా ఉపకరించేవారు స్థలానికి చెందిన గైడులే. ఏ చెట్టు కింద ఏ శాసనం ఉన్నదో, ఏ దారిన వెళితే ఏ శిథిలం కనబడుతుందో వారికి తెలుస్తుంది. అనుమతి పత్రం చూసి, ఏయే స్థలాలు చూడాలో, ఎంత సొమ్ము ఇవ్వాలో ముందే మాట్లాడుకోవడం మేలు. కొన్ని ప్రాంగణాలకు ప్రవేశ రుసుము ఉంది. సార్క్ దేశాల పౌరులకు రాయితీ లభిస్తుంది గనుక పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి.

భిక్షువులు వెంట ఉంటే రెండు విషయాలు గైడుకు ముందుగా తెలపాలి. మధ్యాహ్నానికి పూర్వమే భోజనం ముగియాలి గనుక, పదకొండు గంటలకు ఎక్కడ ఉంటామో చూసుకొని దినచర్యను నిర్ణయించాలి. డబ్బు లావాదేవీలు చూసుకోవడానికి ఒక గృహస్థుడు వెంట ఉండాలి. ఇక అందరికీ వర్తించేది పాదాల సంగతి. ఆరాధనలో ఉన్న ప్రాంగణాలన్నింటిలోనూ చెప్పులు, టోపీలు విడిచి నడవాలి. ఎండ ముదిరాక రాతి పలకలు కాలుతాయి గనుక అటువంటి స్థలాలను ఉదయమే ముగించుకోవాలి. తెల్లని దుస్తులు అక్కడి ఉపాసకుల ఆచారం, మనకూ అదే తగినది. బుద్ధ ప్రతిమకు వీపు తిప్పి ఫోటో దిగడం అక్కడివారికి తీవ్రమైన అపచారం.

ఉదయం: మహావిహార క్షేత్రం

పగటిని మహాబోధి వద్ద ఆరంభించడం ఉచితం. అశోకుని కుమార్తె సంఘమిత్త బుద్ధగయ నుండి తెచ్చిన శాఖను దేవానాంపియ తిస్స నాటించాడని వంసకథలు చెబుతాయి. నాటిన కాలం గ్రంథస్థమై ఉన్న వృక్షాలలో ఇదే అతి ప్రాచీనమైనదని ప్రతీతి. తెలుగువారికి ఇక్కడ గుర్తుకు రావలసిన శాసనం ఒకటి ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో నాగార్జునకొండ వద్ద బోధిసిరి అనే ఉపాసిక తాను చేసిన దానాలను చెక్కించింది. తామ్రపర్ణికి చెందిన థేరవాద ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించినట్లు, సీహళ విహారంలో బోధివృక్షానికి ప్రాసాదం నిర్మించినట్లు ఆమె చెప్పుకొన్నది. లంకలోని బోధి పూజకు, కృష్ణాతీరంలోని బోధి పూజకు సంబంధం ఉన్నదనడానికి ఇంతకంటె సూటి ఆధారం అరుదు.

బోధి ప్రాంగణం చెంతనే లోహపాసాదం ఉంది. దుట్ఠగామణి తొమ్మిది అంతస్తుల ప్రాసాదంగా దీనిని కట్టించాడని మహావంస వర్ణిస్తుంది. నేడు కనబడేవి వరుసకు 40 చొప్పున 40 వరుసలలో నిలిచిన 1600 రాతి స్తంభాలు. గైడు వీటిని దుట్ఠగామణి స్తంభాలని చూపవచ్చు. అయితే ఆ భవనం పలుమార్లు నాశనమై పలుమార్లు లేచింది. స్తంభాల నేటి అమరిక 12వ శతాబ్దంలో పరాక్రమబాహు చేయించినది. ఒకే స్థలంలో పదమూడు శతాబ్దాల ఎడం ఉన్న రెండు నిర్మాణాలను ఒక్క పేరు కప్పివేస్తున్నదన్న మాట.

తర్వాత రువన్‌వెలిసాయ, అనగా దుట్ఠగామణి ఆరంభించిన మహాథూపం. చుట్టూ ఏనుగుల ప్రాకారం, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకు వచ్చిన వాహల్కడలు ఉన్నాయి. అమరావతి, నాగార్జునకొండ స్తూపాల ఆయక వేదికలతో ఈ వాహల్కడలను పండితులు చిరకాలంగా పోల్చుతున్నారు. రెండు చోట్లా స్తూపానికి నాలుగు దిక్కులా వేదిక ఉంది. ఆంధ్రదేశంలో వేదికపై ఐదు ఆయక స్తంభాలు నిలిచాయి. లంకలో ఆ వేదిక శిల్పాలంకృతమైన ముఖభాగంగా పెరిగింది. ప్రదక్షిణ చేస్తూ ఈ భేదాన్ని గమనిస్తే పుస్తకంలోని పటం కంటె స్పష్టంగా మనసుకు పడుతుంది.

కొంత ఉత్తరాన థూపారామం. లంకలో తొలి స్తూపంగా సంప్రదాయం దీనిని గౌరవిస్తుంది. బుద్ధుని కంఠాస్థి ఇక్కడ నిక్షిప్తమని విశ్వాసం. పూర్వం ధాన్యరాశి ఆకారంలో ఉన్న ఈ స్తూపం 1862లో జరిగిన జీర్ణోద్ధరణలో ఘంటాకారం పొందింది. చుట్టూ నిలిచిన సన్నని స్తంభాలు ఒకప్పటి కప్పును మోసినవి. ఇప్పుడు అవి మాత్రమే మిగిలాయి.

ఈ మహావిహార క్షేత్రంలోనే క్రీ.శ. 5వ శతాబ్దంలో బుద్ధఘోసుడు విసుద్ధిమగ్గాన్ని, అట్ఠకథలను రచించాడు. ఆయన గంథాకర పరివేణంలో ఉండి పని చేశాడని చూళవంస చెబుతుంది. విసుద్ధిమగ్గం చివర వచ్చే మోరండఖేటక అనే ఊరి పేరును గుంటూరు ప్రాంతంతో ముడిపెట్టిన పండితులు కొందరు ఉన్నారు.

మధ్యాహ్నం: జేతవనం, అభయగిరి

గైడు చెప్పే కథలో ఎవరి పక్షం వినబడుతున్నదో తేటపడేది ఈ రెండు చోట్ల. మహావంసను రచించినవారు మహావిహార భిక్షువులు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో వట్టగామణి అభయుడు స్థాపించిన అభయగిరి వారికి ప్రత్యర్థి సంస్థ. మహావిహారపు హద్దులలోనే జేతవనాన్ని కట్టించిన మహాసేనుడు వారి దృష్టిలో అపరాధి. అభయగిరివారు తమ చరిత్రను తాము చెప్పుకొన్న గ్రంథం మనకు దక్కలేదు. కాబట్టి ఈ శిథిలాల మధ్య నిలబడి వినే కథ చాలావరకు ఎదుటి పక్షం వ్రాసినదే.

దానికి సమాధానంగా వేరే సాక్ష్యాలు ఉన్నాయి. 5వ శతాబ్దారంభంలో చైనా యాత్రికుడు ఫాహియాన్ రెండేండ్లు లంకలో ఉన్నాడు. అభయగిరిలో 5000 మంది, మహావిహారంలో 3000 మంది భిక్షువులు ఉన్నారని వ్రాశాడు. అభయగిరిలోని బుద్ధప్రతిమ ముందు ఒక వర్తకుడు చైనా పట్టు విసనకర్రను సమర్పించడం చూసి, స్వదేశం తలపుకు వచ్చి కంటతడి పెట్టాడు. జేతవనంలో 1982లో సంస్కృత ప్రజ్ఞాపారమితా పాఠం చెక్కిన బంగారు రేకులు దొరికాయి. వాటి లిపి 9వ శతాబ్దపు సింహళ లిపి. థేరవాద కేంద్రంగా మాత్రమే మనం తలచే నగరంలో మహాయాన గ్రంథాలకు ఎంతటి ఆదరం ఉండేదో ఆ రేకులు చాటుతున్నాయి.

జేతవన స్తూపం నిర్మితమైన నాడు సుమారు 400 అడుగుల ఎత్తు ఉండేదని అంచనా. ఆనాటి ప్రపంచంలో గీజాలోని రెండు పిరమిడ్లు మాత్రమే దానికంటె ఎత్తయినవి. ఇప్పుడు పైభాగం కూలి ఎత్తు తగ్గినా, సున్నపు పూత లేని ఇటుక మేను అలాగే కనబడుతుంది.

పేర్ల చిక్కు

పాత నివేదికలు చదివి వెళ్లేవారికి ఒక హెచ్చరిక. 19వ శతాబ్దపు రచనలలో అభయగిరి, జేతవనం పేర్లు తారుమారుగా ఉన్నాయి. అప్పటి గ్రంథంలో జేతవనం అని ఉంటే అది నేటి అభయగిరి. ఆ పటాలను సరిచూడకుండా ఉదహరిస్తే వ్యాసమంతా తలకిందులవుతుంది. అలాగే అభయగిరి పరిధిలో మహాసేనుని ప్రాసాదమని చూపించే కట్టడం నిజానికి విహార భవనం. అక్కడి చంద్రశిల ప్రసిద్ధమైనది. ఏనుగు, గుర్రం, సింహం, వృషభం వరుసగా సాగుతాయి. లోపల హంసలు, నడుమ పద్మం. జంతువుల వలయం సంసారాన్ని, పద్మం నిర్వాణాన్ని సూచిస్తాయని గైడు వివరిస్తాడు. ఈ వ్యాఖ్యానం 20వ శతాబ్దపు పురావస్తువేత్త సేనరత్ పరణవితానది. అది ఆలోచింపదగినదే, కాని చెక్కిన శిల్పి మాటగా దానిని వ్రాసుకోరాదు. నాగార్జునకొండలోనూ అర్ధచంద్రాకార సోపానశిలలు లభించాయి గనుక ఈ జాగ్రత్త మన పరిశోధనకూ అవసరం.

అన్నింటికంటె సున్నితమైనది నగరానికి దక్షిణాన ఉన్న ఒక ఇటుక దిబ్బ. దుట్ఠగామణి చేతిలో యుద్ధంలో మరణించిన తమిళ రాజు ఎళారుని సమాధిగా జనులు దానిని చాలాకాలం చూపేవారు. దక్షిణ ద్వారం వద్ద పడిన శత్రువుకు దుట్ఠగామణి స్మారకం కట్టించి, గౌరవం చూపవలెనని శాసించాడనీ, ఆ తర్వాతి రాజులు ఆ చోట వాద్యాలు ఆపించేవారనీ మహావంస చెబుతుంది. 1940లలో తవ్వకాలు జరిపిన పరణవితాన శాసనాధారంతో ఆ దిబ్బను దక్ఖిణ స్తూపంగా గుర్తించాడు. అక్కడి బూడిద దుట్ఠగామణి చితాభస్మమే కావచ్చుననే వాదం తర్వాత లేచింది. దానిని ఇతర పండితులు గట్టిగా ప్రశ్నించారు. శత్రువుకు చేసిన గౌరవం గుర్తుగా నిలిచిన చోటు విజేత సమాధిగా మారితే పోయేది ఒక్క ఫలకం మీది పేరు కాదు. 1985 మే 14న మహాబోధి ప్రాంగణంలోనే యాత్రికులు కాల్పులకు బలైన నగరం ఇది. ఇక్కడ గైడును వాదంలోకి లాగడం తగదు. "ఈ పేరు ఎప్పటి నుండి వాడుకలో ఉంది? మీ తాతల కాలంలో ఏమనేవారు?" అని అడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసుకోవాలి. స్థలాన్ని గురించి ఆ జవాబు ఏమి చెప్పినా చెప్పకపోయినా, స్థలస్మృతిని గురించి అది తప్పక ఒక ఆధారం.

సాయంకాలం: చెరువు గట్టు

దినాంతంలో తిస్స వెవ గట్టుకు చేరాలి. ఇంతటి సంఘాన్ని ఈ పొడి నేల ఎలా పోషించిందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. 5వ శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించిన కలా వెవ నుండి సుమారు 87 కిలోమీటర్ల కాలువ ఈ చెరువుకు నీరు తెస్తుంది. దాని తొలి 17 మైళ్లలో వాలు మైలుకు 6 అంగుళాలే. చెరువుల కిందే బ్రతికిన తెలుగు నేలవారికి ఆ లెక్క విలువ వేరుగా చెప్పనక్కరలేదు. మిహింతలేకు మాత్రం వేరే పూట కేటాయించుకోవాలి. బాగా నిలిచి ఉన్న వాహల్కడలు అక్కడి కంటక చైత్యం వద్ద ఉన్నాయి. పొసొన్ పున్నమి రోజులలో జనసమ్మర్దం విపరీతం గనుక అధ్యయనానికి ఆ సమయం అనుకూలించదు.

గట్టున కూర్చుండి ఆనాటి వ్రాతలను మూడు వరుసలుగా విభజించుకోవాలి. గ్రంథం చెప్పినది, తవ్వకం చూపినది, నేటి ఆరాధకుడు చేస్తున్నది. అప్పుడు ఒక విషయం బయటపడుతుంది. రువన్‌వెలిసాయ నేటి ధవళరూపం 20వ శతాబ్దపు పునర్నిర్మాణ ఫలితం. మిరిసవెటియ స్తూపం జీర్ణోద్ధరణ సాగుతుండగానే 1987లో కూలింది. తిరిగి కట్టవలసి వచ్చింది. భక్తి పాత రూపాన్ని మార్చివేస్తున్నదని పురావస్తువేత్త బాధ. పూజించరాని ఇటుక దిబ్బ దేనికని ఉపాసకుని ప్రశ్న. జేతవనపు ఎర్రని ఇటుకా, రువన్‌వెలిసాయ తెల్లని సున్నమూ ఎదురెదురుగా నిలిచి ఈ రెండు పక్షాలనూ వినిపిస్తాయి.

తీర్పు చెప్పే ముందు మన స్థితిని తలచుకోవాలి. అమరావతి మహాచైత్యాన్ని పూజించేవారు లేనప్పుడు 18వ శతాబ్దాంతంలో దాని రాళ్లు కట్టడాలకు తరలిపోయాయి, కొన్ని సున్నానికి కాలిపోయాయి. 1797-98 ప్రాంతంలో మెకంజీ చూసే నాటికే దోపిడి సాగుతున్నది. మిగిలిన ఫలకాలకై నేడు చెన్నైకి, లండన్‌కు వెళ్లాలి. బోధిసిరి దానాలకు నెలవైన లోయ నాగార్జునసాగర్ నీటి కింద ఉంది. అనురాధపురంలో చెప్పులు విడిచి ప్రదక్షిణ చేసేటప్పుడు, పాదాల కింది రాయి వేడిగా ఉన్నా, పక్కన ఒక వృద్ధురాలు పూలు పెట్టి గాథ చదువుతూ ఉంటుంది. అమరావతికి కరవైనది ఆమె. గైడు కథలోని తప్పులను సరిదిద్దుకొనే పరిశోధకుడు ఆమెను కూడా తన వ్రాతలలో చేర్చుకొని రావాలి.