పింఛనుదారు మరణిస్తే కుటుంబానికి రావలసినదేమిటి?

మన సంఘాల సభ్యుల ఇళ్లలో పాల డబ్బుతో పాటు నెలనెలా పింఛను వచ్చే ఇళ్లు కూడా ఉన్నాయి. ఆర్టీసీలోనో, చక్కెర మిల్లులోనో, నూలు మిల్లులోనో, డెయిరీలోనో పనిచేసి విరమించినవారు సొంత ఊరు చేరి రెండు గేదెలు పెట్టుకొని కాలం గడుపుతున్నారు. ఆ ఇంటి పెద్ద కన్నుమూసినప్పుడు పింఛను కూడా అంతటితో పోయినట్లేనని కొందరు అనుకుంటారు. అది సరికాదు. పింఛనులో కొంత భాగం భార్యకు, పిల్లలకు దక్కవలసిన హక్కు. అయితే ఆ హక్కు చేతికందడం చాలావరకు పింఛనుదారు బ్రతికి ఉండగా సరిచేసుకున్న కాగితాలపై ఆధారపడి ఉంటుంది. అందుచేత ఈ విషయాన్ని సభ్యులకు వివరింపదలిచాము.

పథకం ఏది?

ప్రావిడెంటు ఫండు ఉన్న సంస్థల ఉద్యోగుల కోసం 1971 మార్చిలో కుటుంబ పింఛను పథకం వచ్చింది. దాని స్థానంలో 1995 నవంబరు 16 నుండి ఉద్యోగుల పింఛను పథకం అమలులోకి వచ్చింది. కనీసం పదేళ్ల సర్వీసు ఉన్నవారికి 58 ఏళ్లకు పింఛను, వారి తరువాత కుటుంబానికి పింఛను ఇందులోని ముఖ్యాంశాలు. సాధారణంగా 20 మంది, అంతకు పైబడి పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులున్న గ్రామ పాల సంఘంలో పనిచేసేవారు తమకూ ఇది ఉన్నదని తలచరాదు. ప్రావిడెంటు ఫండు కోత ఉన్నదీ లేనిదీ విచారించి తెలుసుకోవాలి.

ఎవరికి ఎంత?

1. పింఛనుదారు మరణిస్తే అతని పింఛనులో సగం భార్యకు వస్తుంది. ఉద్యోగం చేసినది భార్య అయితే ఇదే ప్రకారం భర్తకు వస్తుంది. మరణించిన మరునాటి నుండి ఇది లెక్కకు వస్తుంది. 2014 సెప్టెంబరు నుండి ఈ పింఛను నెలకు 1,000 రూపాయలకు తగ్గరాదు.

2. తల్లి పింఛనుకు అదనంగా, 25 ఏళ్లు నిండని పిల్లలకు ఒక్కొక్కరికి తల్లి పింఛనులో నాలుగో వంతు ఇస్తారు. ఒకేసారి ఇద్దరికే ఇస్తారు. పెద్దవారి వయసు దాటగానే తరువాతివారికి వస్తుంది.

3. తల్లి కూడా లేకపోతే పిల్లలకు నాలుగో వంతుకు బదులు ముప్పాతిక వంతు వస్తుంది. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె పింఛను ఆగుతుంది కాని, పిల్లల హక్కు పోదు.

4. పూర్తి వైకల్యం ఉన్న బిడ్డకు వయసుతో పని లేకుండా జీవితాంతం ఇస్తారు.

ఉదాహరణకు, ఒకరి పింఛను 2,600 రూపాయలు అనుకుందాం. ఆయన తరువాత భార్యకు 1,300, చదువుకుంటున్న ఇద్దరు పిల్లలకు చెరి 325 వస్తాయి. కుటుంబానికి మొత్తం 1,950 రూపాయలు. పింఛను 1,600 మాత్రమే అయితే సగం 800 అవుతుంది. అయినా భార్యకు 1,000 ఇవ్వవలసిందే. ఇది పెద్ద మొత్తమేమీ కాదు. కాని గేదె వట్టిపోయిన నెలల్లో ఇంటికి ఆసరాగా నిలిచేది ఇదే.

నామినేషను వేరు, కుటుంబ పింఛను వేరు

బ్యాంకులో నామినీగా కొడుకు పేరు ఉన్నది గనుక పింఛను కూడా కొడుకుదేనని తగవులు వస్తుంటాయి. బ్యాంకు నామినేషను ఆ ఖాతాలోని సొమ్ముకే పరిమితం. కుటుంబ పింఛను ఎవరికన్నది నిబంధనలే నిర్ణయిస్తాయి. అది మృతుని ఆస్తిలో భాగం కాదని, వీలునామాతో వేరొకరికి ఇవ్వడం కుదరదని 1991లో ఒక రైల్వే ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుటుంబమే లేనివారి విషయంలో మాత్రం వారు పింఛను కోసం వ్రాసిచ్చిన నామినీకి అవకాశం ఉన్నది. పెళ్లికి ముందు ఇచ్చిన అటువంటి నామినేషను పెళ్లి తరువాత చెల్లదు.

బ్రతికి ఉండగా చేయవలసినవి

పింఛను చెల్లింపు ఉత్తర్వును, అంటే పి.పి.ఓ. కాగితాన్ని తీసి చూసుకోవాలి. అందులో భార్య పేరు, పుట్టిన తేదీ, పిల్లల పేర్లు ఆధార్ కార్డులో ఉన్నట్లే ఉన్నాయా? ఇంటి పేరుతో ఒకచోట, పిలుపు పేరుతో మరొకచోట ఉంటే ఇప్పుడే ప్రావిడెంటు ఫండు కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి సరిచేయించాలి. భార్య పేరున బ్యాంకు ఖాతా ఉండాలి. ఆ కాగితం ఏ పెట్టెలో ఉన్నదో ఆమెకు తెలిసి ఉండాలి. ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వడం మానరాదు.

మరణం తరువాత చేయవలసినవి

మరణాన్ని 21 రోజుల లోపల నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. ఆలస్యమైన కొద్దీ రుసుము, అనుమతులు అవసరమవుతాయి. ఆ పత్రం, పి.పి.ఓ., ఆధార్, బ్యాంకు పాసుబుక్కులతో బ్యాంకుకు గాని, ప్రావిడెంటు ఫండు కార్యాలయానికి గాని వెళ్లాలి. ఉద్యోగంలో ఉండగానే మరణించినవారి కుటుంబం 10-డి ఫారం పెట్టాలి. వారికి పదేళ్ల సర్వీసు నిబంధన అడ్డు రాదు.

ముఖ్యమైన హెచ్చరిక: మరణం తరువాతి కాలానికి మృతుని ఖాతాలో పడిన పింఛనును ఏ.టి.ఎం. కార్డుతో తీయవద్దు. అది తిరిగి కట్టవలసిన సొమ్ము. కబురు ఆలస్యమైన కొద్దీ బాకీ పెరుగుతుంది.

ఇతర పింఛన్లు

కేంద్ర ప్రభుత్వంలో పాత పద్ధతి పింఛను పొందినవారి కుటుంబానికి చివరి జీతంలో 30 శాతం కుటుంబ పింఛను ఉంటుంది. మరణించిన నాటి నుండి ఏడేళ్లు, లేదా మృతునికి 67 ఏళ్లు నిండే తేదీ, ఏది ముందైతే అంతవరకు హెచ్చు రేటున ఇస్తారు. పింఛనుదారు భార్యతో ఉమ్మడి ఖాతాలో పింఛను తీసుకొనవచ్చు. ఆ ఖాతాలోనే ఆమెకు కుటుంబ పింఛను కొనసాగుతుంది.

ఉద్యోగం లేని రైతు సభ్యులకు కూడా దారి ఉన్నది. 2015లో వచ్చిన అటల్ పింఛను యోజనలో చందాదారు తరువాత అంతే పింఛను భార్యకు వస్తుంది. 2019లో వచ్చిన కిసాన్ మాన్‌ధన్‌లో 60 ఏళ్లకు నెలకు 3,000, ఆ తరువాత భార్యకు అందులో సగం. రెండింటిలోనూ చేరే వయసు 18 నుండి 40 వరకే.

చావు మాట ఇంట్లో ఎత్తడానికి ఎవరూ ఇష్టపడరు. అయినా కాగితం సరిచూసుకోవడానికి ఒక్క పూట చాలు. సంఘ కార్యదర్శులు దీనిని పాల సేకరణ కేంద్రంలో చదివి వినిపించి, పింఛను వచ్చే ఇళ్లవారు తమ పి.పి.ఓ.ను ఈ నెలలోనే చూసుకొనేలా చేయవలసిందిగా కోరుతున్నాము.