బ్యాటరీకి విశ్రాంతి పడదు!

వాడకుండా దాచిన వస్తువు పదికాలాలపాటు మన్నుతుందని మా ఇంట్లో అందరి నమ్మకం. పట్టుచీరల సంగతిలో అది నిజమే కావచ్చు. బ్యాటరీ సంగతిలో మాత్రం ఆ నమ్మకం ఒక రాత్రి నన్ను ముప్పుతిప్పలు పెట్టింది.

బెంగుళూరులో ఉన్న మా అమ్మాయికి పురిటి సాయానికని మూడు నెలలు ఇల్లు తాళం వేసి వెళ్ళాం. బయలుదేరేముందు మెయిన్ స్విచ్ కట్టేసి, నా ముందుచూపుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. తిరిగి వచ్చిన రాత్రే గాలివాన. కరెంటు పోయింది. ఉబ్బసంతో ఆయాసపడుతున్న మా అమ్మకు నెబ్యులైజరు పెట్టబోతే, ఇన్వర్టరు ఒక్కసారి కీచుమని ఊరుకుంది. ఆ వానలో అమ్మను పొదివి పట్టుకుని పక్కింటికి నడిపించాను. వారి ఇన్వర్టరు పుణ్యమా అని గండం గడిచింది.

మర్నాడు మెకానిక్ కుర్రవాడు మీటరు పెట్టి చూసి, "దీన్ని మీ తాళమే చంపింది, మాస్టారూ!" అన్నాడు.

1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీకి మనుమడే మా ఇన్వర్టరు బ్యాటరీ. ఛార్జి తగ్గేకొద్దీ లోపలి సీసపు పలకలమీద సల్ఫేటు పొర కడుతుంది. వెంటనే ఛార్జి చేస్తే ఆ పొర పోతుంది. వారాల తరబడి వదిలేస్తే గట్టి పలుకులై, ఇక ఒక పట్టాన వదలదు. నేను మెయిన్ ఆపానే గాని ఇన్వర్టరు ఆపలేదు. అది కొంచెం కొంచెంగా బ్యాటరీని తాగేసింది!

ఊరికి వెళ్ళేవారు ముందుగా దాన్ని నిండుగా ఛార్జి చేసి, ఇన్వర్టరు ఆపి, తెలిసినవారిచేత వైరు విప్పించాలి. నెలకోసారి ఎవరిచేతనైనా ఛార్జి పెట్టించాలి. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.7 చూపుతుంది, 12.4కు దిగితే ఆలస్యం చేయరాదు. నీళ్ళు తగ్గితే గుర్తుదాకా డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్ళూ వద్దు, యాసిడూ వద్దు. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది గనుక గాలి ఆడేచోట ఉంచి, దీపం, అగరువత్తి దూరంగా పెట్టాలి.

సెల్‌ఫోను, ల్యాప్‌టాప్‌లలోని లిథియం బ్యాటరీల తీరు వేరు. 1991లో బజారుకు వచ్చిన ఈ జాతికి కడుపు నిండా పెట్టి దాచినా కీడే, పస్తు పెట్టినా కీడే. సగం ఛార్జితో, ఎండా వేడీ తగలనిచోట దాచి, రెండు మూడు నెలలకోసారి చూడాలి. ఉబ్బినదాన్ని మళ్ళీ వాడనే కూడదు.

కొత్త బ్యాటరీ కొన్నాం. ఇప్పుడు ఊరి ప్రయాణం మాట ఎత్తితే చాలు, మా అమ్మ ముందుగా అడిగేది తాళంచెవి గురించి కాదు.

"దాని సంగతి చూశావుట్రా?" అంటుంది.